హైదరాబాద్ నుంచి డల్లాస్: దూరం ఎంత, అసలు ప్రయాణం ఎన్ని గంటలు?

మీరు అడిగింది ఇది: తెనాలిలో ఉండే మీ అమ్మానాన్నలు మే 15న మొదటిసారి అమెరికా వస్తున్నారు, మీరుండేది డల్లాస్ పక్కనున్న ఫ్రిస్కోలో. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దూరం ఒక సైట్‌లో 14,400 అని, ఇంకోదాంట్లో 8,950 అని, మరోచోట 15,600 అని చూపిస్తోంది. దోహా మీదుగా పోయే టికెట్‌లో చూస్తే తెల్లవారుజామున 3:45కి ఎక్కి అదే రోజు సాయంత్రం 4 గంటలకు దిగుతారని ఉంది. "అంటే పన్నెండు గంటలేనా? మరి అందరూ ఇరవై గంటల పైనే అంటారేంటి? దోహా మీదుగా తీసుకోవాలా, లండన్ మీదుగానా?" అన్నారు.

నేను పాతికేళ్ళు ఫ్లైట్ డిస్పాచ్‌లో పనిచేసి రిటైరయ్యాను. విమానం ఏ దారిన పోవాలి, ఎంత ఇంధనం పొయ్యాలి, దిగాల్సిన చోట వాతావరణం బాగోకపోతే ఎటు మళ్ళాలి అన్న లెక్కలు కట్టి పైలట్‌కి ఇవ్వడం మా పని. మా అమ్మాయి ప్లేనోలో ఉంటుంది కాబట్టి ఈ దారిలో ప్రయాణికుడిగా కూడా అయిదుసార్లు తిరిగాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. టికెట్ కొనేటప్పుడు ఈ కిలోమీటర్లు మీకు దాదాపు ఎందుకూ పనికిరావు. ఎందుకో చెప్పాలంటే ముందు ఆ కిలోమీటర్ల సంగతే చూడాలి.

మీరు చూసిన మూడు అంకెలూ నిజమే. శంషాబాద్ నుంచి డల్లాస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్ దాకా భూమి మీద అతి దగ్గర దారి కొలిస్తే సుమారు 14,400 కిలోమీటర్లు. అదే దూరం మైళ్ళలో చెబితే 8,950. ఎక్కడైనా 7,780 అని కనిపిస్తే అది నాటికల్ మైళ్ళ లెక్క. మా కాగితాల్లో ఉండేది అదే, ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఇక 15,600 అన్నది దోహాలో ఆగి వెళ్ళే దారి. హైదరాబాద్ నుంచి దోహా సుమారు 2,900, అక్కణ్ణుంచి డల్లాస్ సుమారు 12,700.

ఈ "అతి దగ్గర దారి" ఎటు పోతుందో చాలామందికి నమ్మబుద్ధి కాదు. గోడ మీద పటంలో అమెరికా మనకు పడమరన ఉంటుంది. స్కేలు పెట్టి గీత గీస్తే అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పోతుంది. స్కూల్లో మనం చూసిన తరహా పటం మీద ఆ గీత పట్టుకుని, దిక్కు మార్చకుండా పోతే 17,700 కిలోమీటర్లు తేలుతుంది. ఒక బత్తాయి కాయ తీసుకుని దాని మీద రెండు చుక్కలు పెట్టి, వాటి మధ్య దారం బిగించి చూడండి. దారం నడుము చుట్టూ తిరగదు, తొడిమ పక్కగా పైనుంచి పోతుంది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పశ్చిమం మీద. రెండూ కలిపితే 175. భూమికి అటు పక్క ఒకటి, ఇటు పక్క ఒకటి అన్నమాట. అందుకే దగ్గర దారి ఉత్తర ధ్రువానికి అయిదారు వందల కిలోమీటర్ల దూరంలోంచి పోతుంది.

శంషాబాద్‌లో లేచిన విమానం ఆ దారి పట్టాలంటే ముక్కు దాదాపు నేరుగా ఉత్తరానికి పెట్టాలి, పడమరకు అయిదు డిగ్రీలు మాత్రమే ఒరగాలి. లెక్క ప్రకారం అది ఇంచుమించు ఢిల్లీ మీదుగా, లద్దాఖ్ పక్కగా, చైనా పడమటి కొసన కాష్గర్ వైపు వెళ్ళి, పశ్చిమ సైబీరియా దాటి, గ్రీన్‌లాండ్‌కి కూడా ఉత్తరాన ఉన్న మంచు సముద్రం మీదుగా తిరిగి, కెనడా, మిన్నెసోటా మీదుగా కిందికి డల్లాస్‌కి దిగుతుంది. ఇందులో ఇంకో తమాషా ఉంది. న్యూయార్క్ మనకు సుమారు 12,970 కిలోమీటర్లు, చికాగో 13,280, శాన్‌ఫ్రాన్సిస్కో 13,540. పటంలో అమెరికాకు అటు చివర కనిపించే శాన్‌ఫ్రాన్సిస్కో కన్నా మధ్యలో ఉన్న డల్లాసే మనకు దూరం! హ్యూస్టన్ ఇంకా దూరం, 14,700. మనవాళ్ళు ఏరికోరి దూరపు ఊళ్ళలోనే కాపురాలు పెట్టారు.

మరి ఆ దారిలో నేరుగా విమానం ఎందుకు వెయ్యరు అని మీరు అడక్కపోయినా, ఈ ప్రశ్న నన్ను పెళ్ళిళ్ళలో కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. మొదటి కారణం బరువు. గల్ఫ్ నుంచి అమెరికా దూరప్రయాణాల్లో ఎక్కువగా కనిపించే బోయింగ్ 777-300ఈఆర్ కాగితం మీద పోగలిగింది 13,650 కిలోమీటర్లు. 787-9 అయితే 14,010. మనకు కావాల్సింది 14,400, అదీ ఎదురుగాలి కలపకుండా. 777 ట్యాంకుల్లో 1,81,000 లీటర్ల పైన పడుతుంది కానీ, పోసిన ఇంధనాన్ని మొయ్యడానికే ఇంధనం ఖర్చవుతుంది. పదహారు గంటలు దాటిన ప్రతి గంటకూ మొదటి గంటల్లో మోసిన బరువు ఖరీదు కడుతూ ఉంటాం. చివరికి సీట్లు ఖాళీగా పెట్టుకుని ఎగరాల్సి వస్తుంది. పోగలిగే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి ఎయిర్‌బస్ ఏ350-900యూఎల్ఆర్ సుమారు 15,300 కిలోమీటర్లు ఆగకుండా పోతోంది. అది ప్రత్యేకంగా అందుకే చేసిన రకం, ఎకానమీ సీట్లే లేవందులో.

రెండో కారణం దారి. హిమాలయాలు, టిబెట్ వైపు కొండల మీద విమానం లోపల గాలి ఒత్తిడి పోతే పదివేల అడుగులకు దిగాలి. కింద కొండలే అంతకన్నా ఎత్తుంటే ఎక్కడికి దిగుతారు? అందుకని ఆ ప్రాంతం మీద దారులు తక్కువ, లెక్కగట్టి గీసినవి. 2022 నుంచి అమెరికా, యూరప్, బ్రిటన్ సంస్థలకు రష్యా ఆకాశం మూసేసి ఉంది. 2025 ఏప్రిల్ నుంచి మన దేశపు విమానాలకు పాకిస్తాన్ ఆకాశం మూసేశారు, ఆ ఏడాది ఢిల్లీ నుంచి అమెరికా వెళ్ళే కొన్ని విమానాలు యూరప్‌లో ఆగి ఇంధనం పోసుకుని పోవాల్సొచ్చింది. ధ్రువం దగ్గర చలి గొడవ వేరే. జెట్ ఏ-1 ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది కాబట్టి ట్యాంకు ఉష్ణోగ్రత చూసుకుంటూ ఎగరాలి.

ప్రయత్నాలు జరగలేదని కాదు. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా 777-200ఎల్ఆర్ విమానంతో హైదరాబాద్ నుంచి చికాగోకి నేరు సర్వీసు మొదలుపెట్టింది. అదే నెలలో కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళా పైలట్లే శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా బెంగళూరుకి విమానం తెచ్చారు. హైదరాబాద్ చికాగో సర్వీసు తర్వాత ఆగిపోయింది. కాబట్టి మీ నాన్నగారికి ఎక్కడో ఒకచోట దిగి మారక తప్పదు.

ఇప్పుడు గంటలు. నేను మా ఇంట్లోవాళ్ళకు నేర్పిన లెక్క ఒకటుంది: కిలోమీటర్లను 850తో భాగించి అరగంట కలపండి. విమానం పైన గంటకు 900 దాకా పోతుంది కానీ ఎక్కడానికి, దిగడానికి, రన్‌వే దాకా పాకడానికి టైమ్ పడుతుంది. పైగా నేను ముందు చెప్పిన దూరం దారం బిగించిన దూరం, అసలు దారి ఆ దేశం మీద కాదు ఈ దేశం మీదుగా అని వంకర్లు తిరిగి వందల కిలోమీటర్లు పెరుగుతుంది. దోహా నుంచి డల్లాస్ 12,700ని భాగించి చూడండి, పదిహేనున్నర గంటలు వస్తుంది. మీ టికెట్‌లో పదహారు ఉంటుంది. ఆ అరగంట గాలి ఖాతా.

గాలి గురించి రెండు ముక్కలు. తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి నదిలా ఒక గాలి పారుతుంది, జెట్ స్ట్రీమ్ అంటాం. చలికాలంలో దాని ఊపు ఎక్కువ. అమెరికా వెళ్ళేటప్పుడు అది ఎదురు, వచ్చేటప్పుడు వెనక నుంచి తోస్తుంది. 2020 ఫిబ్రవరిలో తుపాను గాలి తోడై ఒక జంబో జెట్ న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది, మామూలుగా ఆరున్నర ఏడు గంటల ప్రయాణమది. అందుకే డల్లాస్ నుంచి దోహాకి తిరుగు ప్రయాణం పదిహేను గంటల లోపే అయిపోతుంది. పోయేటప్పుడు ఎదురుగాలి గట్టిగా ఉంటే మేము దారిని ఇంకా ఉత్తరానికి, గాలి తగ్గిన చోటికి జరుపుతాం. దూరం పెరుగుతుంది, టైమ్ తగ్గుతుంది. కిలోమీటర్లు లెక్కపెట్టే వాళ్ళకి ఇది ఎక్కదు కానీ మా ఆఫీసులో రోజూ జరిగే పనే.

టికెట్‌లో రాసే టైమ్ గాల్లో ఉండే టైమ్ కాదని కూడా గుర్తుంచుకోండి. గేటు దగ్గర బండి వెనక్కి కదిలినప్పటి నుంచి అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క, కాస్త పెంచే రాస్తారు. "మనం అరగంట ముందే దిగుతున్నాం" అని పైలట్ మైకులో గొప్పగా చెప్పేది ఈ పెంచిన అరగంటే.

ఇప్పుడు మీ పన్నెండు గంటల చిక్కు. టికెట్ మీద ప్రతి ఊరి టైమూ ఆ ఊరి గడియారం ప్రకారమే వేస్తారు. మే నెలలో డల్లాస్ మనకన్నా పదిన్నర గంటలు వెనక. 3:45 నుంచి సాయంత్రం 4 దాకా పన్నెండుంపావు, దానికి పదిన్నర కలపండి: 22 గంటల 45 నిమిషాలు. అదీ అసలు ప్రయాణం. విడగొట్టి చూస్తే హైదరాబాద్ నుంచి దోహా నాలుగున్నర, అక్కడ ఆగేది రెండుంపావు, ఆపైన పదహారు. సరిగ్గా సరిపోయింది చూడండి. దోహా గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక, అందుకే అక్కడ 5:45కి దిగినట్టు ఉంటుంది.

ఇక్కడ తారీఖు దగ్గర ఒక ప్రమాదం ఉంది. టికెట్‌లో మే 15, ఉదయం 3:45 అని ఉంటే వాళ్ళు ఎయిర్‌పోర్ట్‌లో ఉండాల్సింది మే 14 రాత్రి. 15 రాత్రి భోంచేసి తీరిగ్గా బయలుదేరి, శంషాబాద్ చేరాక విమానం నిన్ననే పోయిందని తెలుసుకున్నవాళ్ళు నాకు తెలిసి ముగ్గురున్నారు, అందులో ఒకాయన లెక్కల మాస్టారు. ఫోన్‌లో చెప్పేటప్పుడు "పదిహేను తెల్లవారుజామున" అనకండి. "పద్నాలుగు, గురువారం రాత్రి" అన్నట్టు వారం పేరుతో సహా చెప్పండి, క్యాలెండర్‌లో గుండ్రం చుట్టించండి.

ఇక దోహానా, లండనా. ఇక్కడే కిలోమీటర్లు ఎందుకు పనికిరావో తెలుస్తుంది. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా సుమారు 15,370 కిలోమీటర్లు. లండన్ మీదుగా 15,380. దుబాయ్ మీదుగా 15,470. దోహా మీదుగా 15,660. అన్నిటికన్నా దగ్గరదానికీ, అన్నిటికన్నా దూరందానికీ తేడా మూడొందల కిలోమీటర్లు కూడా లేదు. విమానానికి అది ఇరవై నిమిషాలు. అదే మధ్యలో ఆగే టైమ్ చూస్తే ఒక టికెట్‌లో రెండు గంటలుంటుంది, ఇంకోదాంట్లో పద్నాలుగు గంటలుంటుంది. కాబట్టి దూరం పక్కన పెట్టి ఆగే చోటు చూడండి.

తేడా ఎక్కడంటే ముక్కలు చేసిన తీరులో. గల్ఫ్ దారిలో చిన్న ముక్క నాలుగు గంటలు, పెద్ద ముక్క పదహారు. లండన్, ఫ్రాంక్‌ఫర్ట్ దారుల్లో రెండూ దగ్గరదగ్గర సమానం, పది అటూ ఇటూ. పదహారు గంటలు ఒకే కుర్చీలో కూర్చోవడం అరవై అయిదేళ్ళ మనిషికి చిన్న విషయం కాదు. మీ అమ్మగారికి మోకాళ్ళ నొప్పులున్నా, కాళ్ళ వాపులున్నా, పెద్దాయనకి ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నా నేనైతే యూరప్ దారి వైపే మొగ్గుతాను, మధ్యలో కాళ్ళు చాపుకుని నడుస్తారు. ఆరోగ్యం బాగుండి భాషే భయమైతే మాత్రం గల్ఫ్ మేలు. దోహా, దుబాయ్‌లలో పక్కన కూర్చున్నవాళ్ళలో సగంమంది తెలుగువాళ్ళే ఉంటారు, "ఏ ఊరండీ మీది?" అన్న పలకరింపుతో మీ అమ్మగారికి సగం టెన్షన్ పోతుంది. లండన్‌లో ఒక్కోసారి టెర్మినల్ మారి బస్సెక్కాల్సి వస్తుంది. కొత్తవాళ్ళకి అది గుండె దడ.

మీ టికెట్‌లో దోహాలో ఆగేది రెండుంపావు. నాకది సరిపోతుంది, మీకూ సరిపోతుంది. మొదటిసారి వచ్చే పెద్దవాళ్ళకి, అందులోనూ వీల్‌చైర్ పెట్టుకుంటే, మూడు నుంచి నాలుగు గంటలుండాలి. వీల్‌చైర్ మనిషి అందరూ దిగాక వస్తాడు. అమెరికా విమానాలకు గేటు దగ్గర మళ్ళీ ఒక తనిఖీ ఉంటుంది, గేటు కూడా ముందే మూసేస్తారు. హైదరాబాద్‌లో గంట ఆలస్యమైతే రెండుంపావు కాస్తా గంటుంపావు అయి కూర్చుంటుంది. ఆ విమానం తప్పితే డల్లాస్‌కి తర్వాతది ఏ మర్నాడో.

ఇంతా చెప్పే నేనే ఒకసారి బుద్ధి గడ్డి తిన్నాను. మా వదినగారి కోసం రెండు వేర్వేరు టికెట్లు కొన్నాను, ఒక సంస్థవి ఒక ముక్కకి, ఇంకో సంస్థవి రెండో ముక్కకి. పద్నాలుగు వేలు కలిసొచ్చాయి. పొగమంచుకి మొదటి విమానం మూడు గంటలు లేటు. రెండో సంస్థవాళ్ళు "మీరు రాలేదు, టికెట్ రద్దయింది" అన్నారు. రూలు ప్రకారం వాళ్ళది తప్పు కాదు, వాళ్ళ దృష్టిలో ఆవిడ టైమ్‌కి రాని ప్రయాణికురాలు. ఆ ఎయిర్‌పోర్ట్‌లో పంతొమ్మిది గంటలు కూర్చుంది పాపం, తెచ్చుకున్న పులిహోర పొట్లంతో. కొత్త టికెట్‌కి ఎనభై వేలు పోయింది. మా అన్నయ్య ఇప్పటికీ నన్ను డిస్పాచర్ అని పిలవడు, "పద్నాలుగు వేలు" అని పిలుస్తాడు. మొత్తం ప్రయాణం ఒకే పీఎన్ఆర్ మీద ఉంటే, విమానం లేటై కనెక్షన్ పోయినప్పుడు తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత వాళ్ళదే, సూట్‌కేసులు కూడా నేరుగా డల్లాస్‌కే వస్తాయి.

ఇంకోటి, న్యూయార్క్‌లోనో చికాగోలోనో ఆగి డల్లాస్ వెళ్ళే టికెట్లు కాస్త చవగ్గా కనిపిస్తాయి. పెద్దవాళ్ళకి వద్దు. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్. బెల్టు మీంచి సూట్‌కేసులు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పజెప్పి, లోపలి విమానానికి వెళ్ళాలి. ఒక్కొక్కరికి ఇరవై మూడు కిలోలవి రెండేసి సూట్‌కేసులు, ఇద్దరికీ కలిపి నాలుగు, అందులో సగం పచ్చళ్ళు. ఎవరు లాగుతారు? అబుదాబిలో మాత్రం ఏర్పాటు వేరు. అమెరికా ఇమిగ్రేషన్ 2014 నుంచి అక్కడే, విమానం ఎక్కకముందే అయిపోతుంది. చికాగో వెళ్ళేవాళ్ళకి అది సుఖం.

పచ్చళ్ళన్నాను కాబట్టి: ఆవకాయ, గోంగూర పరవాలేదు, కస్టమ్స్ ఫారంలోనో అడిగినప్పుడో తినుబండారాలు ఉన్నాయని చెప్పాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి పెట్టొద్దని అమ్మగారికి గట్టిగా చెప్పండి. "అల్లుడికి ఇష్టం" అన్న మాట అక్కడ చెల్లదు.

మందులు చేతి బ్యాగులో ఉండాలి, చీటీతో సహా. షుగర్, బీపీ మాత్రలు గోడ గడియారం చూసి వేసుకుంటే తప్పుతాయి. ఉదయం ఎనిమిదికి దోహాలో లేచిన విమానం సూర్యుడితో పాటే పడమరకు పోతుంది కాబట్టి ఆ పదహారు గంటలూ పగలే. చీకటి పడదు, రాత్రి మాత్ర ఎప్పుడో అర్థం కాదు. నాన్నగారి చేతి గడియారం మీ ఇంటికి చేరేదాకా ఇండియా టైమ్‌లోనే ఉంచమనండి, మాత్రలు ఆ గడియారం ప్రకారం. ఇన్సులిన్ అయితే బయలుదేరే ముందు డాక్టర్‌తో గంటల వారీగా రాయించుకోండి. సీట్లు నడవా పక్కనే తీసుకోండి, ప్రతి రెండు గంటలకూ ఒకసారి లేచి వెనకదాకా నడవమనండి. వీల్‌చైర్ టికెట్ కొన్నప్పుడే అడిగి పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు మొత్తం ఎంతవుతుందో నిజాయితీగా లెక్క వేద్దాం. తెనాలి నుంచి శంషాబాద్‌కి విజయవాడ మీదుగా మూడొందల కిలోమీటర్లు, మధ్యలో టీ, టిఫిన్ కలిపితే ఆరున్నర గంటలు వేసుకోండి. 14 సాయంత్రం 4 గంటలకు ఇంటికి తాళం వేస్తే పదిన్నర పదకొండుకి ఎయిర్‌పోర్ట్. 3:45కి విమానం. మర్నాడు సాయంత్రం 4కి డల్లాస్‌లో టెర్మినల్ డి. ఇమిగ్రేషన్ లైను, సూట్‌కేసులు కలిపి గంటన్నర. అక్కణ్ణుంచి సాయంత్రం ట్రాఫిక్‌లో ఫ్రిస్కో చేరేసరికి ఆరున్నర. గడియారాల తేడా కలిపి చూస్తే గుమ్మం నుంచి గుమ్మానికి 37 గంటలు. అమ్మానాన్నలకి చెప్పాల్సిన అంకె ఇది. పన్నెండు కాదు, ఇరవై మూడూ కాదు. ముప్ఫై ఏడు అని ముందే తెలిస్తే అలసిపోయినా కంగారుపడరు.

వచ్చాక వారం పదిరోజులు అర్ధరాత్రి రెండింటికి లేచి వంటింట్లో గిన్నెలు సర్దుతుంటారు, తిట్టకండి. పగలు రాత్రి తిరగబడిన శరీరం అది.

తిరుగు టికెట్ నవంబర్‌లో అన్నారు. ఆరు నెలలుండి వెళ్ళే అందరికీ ఇక్కడ ఒక మెలిక ఉంటుంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పుతారు, మనకూ వాళ్ళకూ తేడా పదకొండున్నర అవుతుంది. అక్టోబర్ చివరి ఆదివారం నుంచి విమాన సంస్థల చలికాలపు టైమ్ టేబుల్ మొదలవుతుంది. మే నెలలో కొన్న టికెట్ మీది వేళలు అప్పటికి మారిపోయి ఉండొచ్చు, ఆ సంగతి మెయిల్‌లో ఎక్కడో పడి ఉంటుంది. అక్టోబర్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఉదాహరణకి ఆదివారం సాయంత్రం 6కి డల్లాస్‌లో ఎక్కితే మంగళవారం తెల్లవారుజామున 2:50కి శంషాబాద్‌లో దిగుతారు. చూడ్డానికి 33 గంటల్లా ఉంటుంది, పదకొండున్నర తీసేస్తే 21 గంటల 20 నిమిషాలే. పోయేటప్పుడు టికెట్ అబద్ధం తక్కువ చేసి చెబుతుంది, వచ్చేటప్పుడు ఎక్కువ చేసి. కారు పంపే బావగారికి "సోమవారం రాత్రి బయలుదేరాలి" అని చెప్పడం మర్చిపోవద్దు.

ఇంకొక్కటి. సీటు ముందు స్క్రీన్‌లో విమానం బొమ్మ పటం మీద కదులుతూ కనిపిస్తుంది, మగవాళ్ళు సినిమాలు మానేసి దాన్నే చూస్తారు. దోహాలో లేచాక అది వాయవ్యానికి తిరిగి, యూరప్ మీదుగా పైపైకి పోయి, ఐస్‌లాండ్ దాటి గ్రీన్‌లాండ్ దగ్గర తేలుతుంది. అక్కడ మా బాబాయి ఎయిర్‌హోస్టెస్‌ని పిలిచి "అమ్మా, పైలట్ దారి తప్పాడేమో చూడు" అన్నాడు. మీ నాన్నగారికి బత్తాయి కాయ మీద దారం ముందే చూపించి పంపండి.